తల ఎత్తితే కూసే టోపీ

కుయ్... కుయ్... కుయ్...

మూడో నంబరు ప్రెస్సు మళ్ళీ ఆగిపోయింది.

"పీకెయ్!" శోభనాద్రి అరుపుకి రేకుల షెడ్డు అదిరింది. "ఆ పెట్టె పీకెయ్, ఆ టోపీ పీకెయ్! ఆ వైర్లన్నీ దండ కట్టి ఈ అబ్బాయి మెళ్ళో వేసి గుడివాడ బస్సెక్కించెయ్!"

ఆ అబ్బాయి పేరు హర్ష. నోట్లో టెస్టర్ పెట్టుకుని ప్రెస్సు కింద పడుకుని ఉన్నాడు. గబుక్కున లేవబోయి ఇనుప బల్లకి తల కొట్టుకున్నాడు.

"ఒక్క అరగంట టైమివ్వండి సార్."

"పొద్దున్నుంచీ అరగంటలే ఇస్తున్నానయ్యా! రాత్రి లారీకి కేరళ పార్సెల్ ఎక్కాలి. జుంకీలు చూస్తే ఇంకా రేకుల్లోనే ఉన్నాయి." శోభనాద్రి గోడ గడియారం వైపు వేలు చూపించాడు. "ఐదింటిదాకా చూస్తా. ఇవి ఎందుకాగుతున్నాయో చెప్పావా సరే. చెప్పలేదా, నీ సామాను ఊడదీసుకుని వెళ్ళిపో. మళ్ళీ చిలకలపూడి వైపు రాకు."

ఆ ఆఖరి మాట అనేటప్పుడు ఆయన హర్ష వైపు చూడలేదు. కూతురు లహరి వైపు చూశాడు.

లహరి మొహం ఎర్రబడింది. ఆ పెట్టెల్ని కార్ఖానాలోకి తెచ్చింది ఆమే మరి. పెట్టెలతోపాటు ఆ అబ్బాయినీ.

* * *

నిజానికి ఆ టోపీ పుట్టింది గోల్ఫ్ కోసం.

గుడివాడ రైల్వే గేటు పక్కన హర్షకి టీవీ రిపేరు షాపు ఉంది. ఎలక్ట్రానిక్స్ డిప్లమా చేశాడు. చేతికి ఏది దొరికినా దాన్ని ఇంకోదానిగా మార్చే అలవాటు. ఆ ఊరివాడే అయిన పున్నారావు అనే కాంట్రాక్టర్ హైదరాబాద్‌లో స్థిరపడి, యాభై దాటాక గోల్ఫ్ పిచ్చిలో పడ్డాడు. ఒకసారి ఊరొచ్చినప్పుడు షాపు ముందు కారాపి తన బాధ చెప్పుకున్నాడు.

"బంతి కొట్టేదాకా తల ఎత్తకూడదురా అబ్బాయ్. నేనేమో కొట్టకముందే అది ఎక్కడ పడుతుందోనని తలెత్తి చూస్తాను. దాంతో అది ఎక్కడా పడదు. కోచ్ చెప్తే వినను, మా ఆవిడ చెప్తే వినను. నెత్తి మీద ఏదైనా కూస్తే వింటానేమో. తయారుచెయ్యి."

హర్ష గోల్ఫ్ ఆటని టీవీలో తప్ప చూడలేదు. అదీ రిపేరుకొచ్చిన టీవీల్లో, సగం గీతల మధ్య. అయినా సరేనన్నాడు. ఒక స్పోర్ట్స్ టోపీ లోపల చిన్న గిన్నె. గిన్నెలో సైకిల్ చక్రంలో ఉండే ఉక్కు గుండు ఒకటి. చుట్టూ రాగి తీగలు. తల కదలనంతసేపూ గుండు మధ్యలో బుద్ధిగా కూర్చుంటుంది. తల ఎటు వాలినా దొర్లి తీగకి తగులుతుంది. తగిలిందా, కుయ్!

పరీక్ష చేద్దామని ఆ టోపీ పెట్టుకుని బందరు బస్సెక్కాడు. సామాన్లు కొనే పని కూడా ఉంది.

పామర్రులో బస్సు ఆగింది. తొలకరి వాన. ఆ వానతోపాటే ఒకమ్మాయి ఎక్కింది. చేతిలో తడిసిన గొడుగు, చెవులకి ఊగుతున్న జుంకీలు, సీటు లేదని విసుగు. వచ్చి హర్ష సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది.

కుయ్!

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. హర్ష తల దించేశాడు. కూత ఆగింది.

కాసేపటికి మళ్ళీ కుయ్!

"ఏవండీ, ఏంటా కూత?"

"టోపీ అండీ. తల కదిలితే కూస్తుంది. రోడ్డు బాగాలేదు కదా, గుంటలు..."

"బస్సు కదిలితే కదా గుంటలు? ఇంకా పామర్రు స్టాండులోనే ఉంది."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. హర్ష చెవులు వేడెక్కాయి.

"అంటే... గోల్ఫ్ కోసమండీ ఇది. బంతి కొట్టేటప్పుడు తలెత్తకూడదు."

"మరి మీరు ఏ బంతి కొడుతున్నారని?"

కుయ్! ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది.

పెడన దారి దాటాక పక్క సీటు ఖాళీ అయింది. ఆమె కూర్చుంది. టోపీ తీసుకుని తిప్పి తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నవ్వడం మానేసింది.

"తల ఎత్తితేనే కూస్తుందా? నిద్రొచ్చి తల ముందుకి వాలినా కూస్తుందా?"

"ఎటు వాలినా కూస్తుంది. ఏం?"

"మాది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ కార్ఖానా. ఆడవాళ్ళు ప్రెస్సుల మీద కూర్చుని రేకు కోస్తారు. కాలు తొక్కితే పైనుంచి అచ్చు దిగుతుంది. పోయినేడు మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాక మా సంతోషమ్మ కునుకు తీసింది. కాలు పెడల్ మీదే ఉంది. చెయ్యి అచ్చు కిందే ఉంది." లహరి టోపీని ఒళ్ళో పెట్టుకుంది. "రెండు వేళ్ళు. నేను పక్కనే ఉన్నాను. ఆ చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంటుంది నాకు."

హర్ష ఆ రోజు సామాన్లు కొనలేదు. బందరులో దిగి నేరుగా ఆమె వెనకే చిలకలపూడి వెళ్ళి, ప్రెస్సులు చూసొచ్చాడు.

పదిహేను రోజుల తర్వాత మూడు టోపీలు, మూడు పెట్టెలు తెచ్చాడు. టోపీ నుంచి పెట్టెకి ఒక వైరు. తల కదిలితే టోపీ కూస్తుంది, పెట్టె పెడల్‌ని బిగించేస్తుంది. ఇంక ఎంత తొక్కినా అచ్చు దిగదు. తల మళ్ళీ పని మీదికి తెచ్చి, టోపీ మీది మీట నొక్కితేనే మళ్ళీ పని.

మొదటివారంలోనే రాహేలు కునుకు తీసింది. టోపీ కూసింది, పెడల్ బిగుసుకుంది. రాహేలు లేచి, వేళ్ళన్నీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఆ చేతుల్తోనే హర్ష బుగ్గలు పుణికి, "నా తండ్రే" అంది.

ఆ కబురు దివిసీమ దాకా వెళ్ళింది. నాగాయలంకలో రొయ్యల చెరువుల మీద మోటార్లు ముట్టుకుని షాక్ తినే కూలీలకి కూడా ఏదైనా పెట్టె చేసిపెట్టమని అక్కడి రైతులు అడిగారు. "ముందు చిలకలపూడివి ఎలా పనిచేస్తాయో చూస్తాం" అని కూడా అన్నారు.

సరిగ్గా అప్పుడు మొదలైంది గొడవ.

హర్ష వారానికోసారి చూడ్డానికి వస్తాడు. అతను వచ్చిన రోజున ప్రెస్సులు ఊరికే ఆగిపోతాయి. విప్పి చూస్తే ఏ తప్పూ ఉండదు. వైర్లు మార్చాడు. బ్యాటరీలు మార్చాడు. గుండ్లు మార్చాడు. అతను గుడివాడ వెళ్ళాక వారమంతా ఒక్కసారి కూడా ఆగవు. మళ్ళీ వస్తాడు. మళ్ళీ కుయ్!

* * *

"రాహేలు పిన్నీ, నిజం చెప్పు. పనిలో నువ్వేమైనా తల ఎత్తావా?" లహరి అడిగింది.

రాహేలు మూడో ప్రెస్సు ముందు టోపీ సర్దుకుంటూ కూర్చుంది. "నేనా? తలెత్తి ఏం చూస్తానమ్మా? ఈ షెడ్డులో చూడ్డానికేముంది, రేకులు తప్ప?"

రెండో ప్రెస్సు మీది పున్నమ్మకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఒట్టెయ్యి."

"ఒట్లు పెట్టకూడదని మొన్న ఆదివారమే పాస్టరు గారు చెప్పారమ్మా" అంది రాహేలు భక్తిగా.

శోభనాద్రి చేతులు కట్టుకుని ఇదంతా వింటున్నాడు. "వాళ్ళనెందుకు అడుగుతావు? ఒక మనిషి లేనప్పుడు మెషీను ఆగదు. ఆ మనిషి వస్తే ఆగుతుంది. పెద్ద చదువులు కావాలా దీనికి?"

హర్ష లేచి నిలబడ్డాడు. "అంటే నేనే చెడగొడుతున్నానంటారా? పేరు పెట్టి అనండి సార్."

"అనను. రుజువు లేకుండా ఒకళ్ళ పేరు చెప్పడం నా ఇంటా వంటా లేదు. దొంగ దొరకనీ. అందరి ముందూ గట్టిగా చెప్తాను."

హర్ష బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే లహరి వెనకే వచ్చింది.

"ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకూడదు."

"ఆ మొహం చూస్తే తెలుస్తోంది, కోపం వచ్చేదే అడుగుతారని."

"మీరే ఏమైనా చేస్తున్నారా? అంటే... మళ్ళీ మళ్ళీ ఇక్కడికి రావాలని?"

హర్ష కుళాయి కట్టేశాడు. "నేను ఇక్కడికి రావాలంటే మెషీను చెడగొట్టాలా లహరి గారూ? బస్సెక్కితే చాలదూ?"

"మరి ఎప్పుడూ ఎక్కరేం? పెట్టెలు చూసే రోజు తప్ప ఒక్కరోజూ రాలేదుగా!"

ఆ మాట నోరుజారి వచ్చేసింది. లహరి నాలిక కరుచుకుంది.  సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి...

కుయ్!

"చూశారా!" లహరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వచ్చే నెల నుంచి సంతోషమ్మ కూతురు ప్రెస్సు మీద కూర్చుంటోంది. పద్దెనిమిదేళ్ళు దానికి. నీ వేళ్ళకేం కాదే అని మాటిచ్చాను. మీ పెట్టెని నమ్మి ఇచ్చాను. సాయంత్రం నాన్న అవి పీకేస్తే దానికేం చెప్పను?"

ఆమె విసవిసా పెరట్లో ఉన్న ఇంటివైపు వెళ్ళిపోయింది. ధడాల్న తలుపు పడింది.

* * *

నాలుగైంది. హర్ష తిన్నగా శోభనాద్రి దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఒకసారి మీరే కూర్చోండి. టోపీ పెట్టుకుని. మీరు కుర్రతనంలో ప్రెస్సు పని చేశారట కదా."

"చేశానా? బందరులో నా అంత చెయ్యి లేదనేవాళ్ళు!" శోభనాద్రి మీసం దువ్వాడు. "నేను తల వంచానంటే పక్కన పిడుగు పడ్డా ఎత్తేవాణ్ణి కాదు. ఇలా తే."

నెరిసిన జుట్టు మీద ఆకుపచ్చ గోల్ఫ్ టోపీతో శోభనాద్రి మూడో ప్రెస్సు ముందు కూర్చున్నాడు. రాహేలు, పున్నమ్మ మెషీన్లు వదిలి పక్కన నిలబడ్డారు. ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి సంతోషమ్మ కూడా లేచి వచ్చింది. ఆమె ఎడమచెయ్యి ఎప్పటిలాగే కొంగు కింద ఉంది.

టక్... టక్... టక్... రేకు మీద అచ్చు దిగుతోంది. ఆకు ఆకారంలో ముక్కలు రాలుతున్నాయి. పెద్దాయన చెయ్యి నిజంగానే మంచి చెయ్యి.

పావుగంట గడిచింది. హర్ష పక్కనే ఉన్నాడు. ఒక్క కూత లేదు.

అరగంట. లేదు.

"చూశావా?" తల ఎత్తకుండానే అన్నాడు శోభనాద్రి. "నేను కూర్చుంటే ఆగలేదు. అంటే నీ పెట్టెలో తప్పు లేదు. మా ఆడవాళ్ళు తల ఎత్తరు. ఇంక మిగిలింది ఎవరు?"

 వాన మొదలైంది. హర్ష సంచీ తీసుకుని, షెడ్డు గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న ఒకటో ప్రెస్సు దగ్గర కూర్చుని పెట్టె స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. వెనక టక్ టక్ మంటూ పెద్దాయన ప్రెస్సు సాగుతూనే ఉంది.

గుమ్మంలో గొడుగు కనిపించింది. పామర్రులో చూసిన అదే గొడుగు.

"విప్పేస్తున్నారా?" అంది లహరి. గొంతులో కోపం లేదిప్పుడు.

"ఒక్కటే. ఇది కాస్త బిగించి మళ్ళీ పెట్టేస్తాను." హర్ష స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "లహరి గారూ, ఒకటి తేలిపోయింది. నేను లేకపోతే ఇవి బాగా పనిచేస్తున్నాయి. ఎందుకో నాకు తెలీదు. తెలిసేదాకా ఆగితే పెట్టెలు పీకేస్తారు. అందుకని..."

"అందుకని?"

"నేనే రాను. మీ నాన్నగారికి అదే చెప్పి ఒప్పించండి. బ్యాటరీలు ఎలా మార్చాలో రాహేలు గారికి నేర్పేశాను. ఇంకేదైనా ఉంటే ఫోన్లో చెప్తాను. ఆ పిల్ల వేళ్ళు బాగుంటే చాలు."

లహరి గొడుగు మూసింది. సగం వాన లోపలికి, సగం ఆమె మీదికి కొడుతోంది. ఆమె గమనించలేదు.

రేకుల మీద వాన హోరులో ఆమె గమనించనిది ఇంకొకటుంది. టక్ టక్ ఆగిపోయింది.

"అంటే ఇంక రారా?"

"రాను."

"ఎప్పటికీ?"

"కోప్పడి వెళ్ళారుగా. ఇప్పుడేంటి?"

"కోపమొస్తే రావద్దని అర్థమా? ఆ గుండెకి కూడా ఒక గిన్నె, గుండు పెట్టుకోవాల్సింది. అప్పుడైనా అర్థమయ్యేది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పామర్రులో బస్సెక్కాను. మీరు నన్ను చూడ్డానికి తలెత్తిన ప్రతిసారీ అది కూసింది. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చాను. ఇంటికొచ్చాక ఆ కూత కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, తెలుసా?"

హర్ష లేచాడు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేను ప్రతి మంగళవారం పొద్దున్నే బస్టాండుకి వచ్చేవాణ్ణి లహరీ. శుక్రవారం కూడా. ఆదివారం కూడా. బందరు బస్సు ముందు నిలబడి, ఏం కారణం చెప్పి వెళ్ళాలా అని ఆలోచించి, షాపుకి వెళ్ళిపోయేవాణ్ణి. మీ నాన్నగారికి ఏమని చెప్పను? పెట్టె కోసం వస్తే పెట్టె. నీకోసం వస్తే..."

"నాకోసమే వచ్చానని చెప్పాలి."

"ఆయన వింటారా?"

"విననే విన్నారు" అంది రాహేలు.

ఇద్దరూ గిరుక్కున వెనక్కి తిరిగారు.

ప్రెస్సు నిశ్శబ్దంగా ఉంది. పెడల్ బిగుసుకుపోయి ఉంది. దాని ముందు శోభనాద్రి మెడ కొంగలా సాచి, తల బాగా పైకెత్తి, ఇద్దరి వంకా కన్నార్పకుండా చూస్తున్నాడు. నెత్తి మీద టోపీ లేదు. ఆయన కిందనుంచి ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా కూత వినిపిస్తోంది.

కుయ్... కుయ్...

టోపీ కూస్తుంటే మాటలు సరిగ్గా వినపడలేదని, పెద్దాయన దాన్ని తీసి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు!

 పున్నమ్మ పగలబడి నవ్వింది. సంతోషమ్మ నవ్వింది. నవ్వాపుకోలేక, కొంగు కింద దాచుకున్న ఆ చెయ్యి బయటికి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా," అంది లహరి, "పిడుగు పడ్డా తల ఎత్తనని ఎప్పుడూ అంటుంటారుగా!"

శోభనాద్రి గబగబా తల దించాడు. ఎక్కడ చూడాలో తెలియక జుంకీ రేకుని చూశాడు. "అదీ... ఏదో గుమ్మంలో గొడుగు కనపడితే, ఎవరా అని..."

"మేమూ అంతేనండి అయ్యగారూ" అంది రాహేలు. "ఎవరా అని చూశాం. వారం వారం చూశాం. ఆ బాబు రావడం, లహరమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని రావడం, ఈయన నేల చూపులు, ఆవిడ గోడ చూపులు. టీవీలో సీరియల్ కూడా అంత బాగుండదండి. ఇందాక కుళాయి దగ్గర పోట్లాడుకుంటుంటే కిటికీలోంచి చూడకుండా ఎలా ఉండగలం చెప్పండి?"

హర్ష నోరు తెరిచాడు. "అంటే పెట్టెలో ఏ తప్పూ లేదా?"

"నీ పెట్టెకేం నాయనా, బంగారం. మేం తలెత్తిన ప్రతిసారీ పట్టేసుకుంది."

"మరి అడిగితే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" లహరి కోపంగా అనబోయింది కానీ కోపం రాలేదు.

"చెప్తే అయ్యగారు ఈ బాబుని మళ్ళీ లోపలికి రానిస్తారా? ఆగిపోతే రిపేరుకైనా వస్తాడు." రాహేలు గొంతు తగ్గించింది. "పీకేసేదాకా వస్తుందనుకోలేదమ్మా. ఐదయ్యేలోపు చెప్పేద్దామనే అనుకున్నాం. ఈలోపు అయ్యగారే టోపీ పెట్టుకున్నారు."

శోభనాద్రి తొడ కింది నుంచి టోపీ తీశాడు. మీట నొక్కాడు. కూత ఆగింది. ఆ గిన్నెలోని గుండుని కాసేపు అటూ ఇటూ దొర్లించి చూశాడు. తర్వాత సంతోషమ్మ చెయ్యి వైపు చూశాడు. ఆమె దాన్ని మళ్ళీ దాచుకోలేదు.

"అబ్బాయ్," అన్నాడు.

"సార్."

"ఇందాక ఈ పెట్టెలుంటే చాలు, నేను రానన్నావు చూడు. నిజంగానే రాకుండా ఉండేవాడివా?"

హర్ష ఆలోచించాడు. "బస్టాండు దాకా వచ్చేవాణ్ణేమో సార్."

శోభనాద్రి మీసాల కింద ఏదో కదిలింది. నవ్వు కాదన్నట్టు దాన్ని దగ్గుగా మార్చేశాడు.

"ఆ విప్పిన పెట్టె బిగించు. ఒక్కటి కూడా పీకడానికి వీల్లేదు. సంతోషమ్మా, మీ పిల్లని రమ్మను, ఫరవాలేదు. రాహేలూ, పున్నమ్మా, కూర్చోండి. లారీ వచ్చేస్తుంది." తర్వాత గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచాడు. "మీరిద్దరూ నా షెడ్డులోంచి బయటికి పొండి! వెనక వరండాలో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోండి. మీరు కనపడితే నా జుంకీలు ఆగిపోతున్నాయి."

లహరి గొడుగు విప్పింది. హర్ష పెట్టె బిగించి, ఆ గొడుగు కిందికి దూరాడు. ఇద్దరికీ అది చాలలేదు. ఇద్దరూ దాని గురించి ఫిర్యాదు చెయ్యలేదు.

ఒకటో ప్రెస్సు టోపీ నెత్తిన పెట్టుకుని శోభనాద్రి దాని ముందు కూర్చున్నాడు. ప్రెస్సులు మళ్ళీ మొదలయ్యాయి. టక్... టక్...

వాళ్ళు గుమ్మం దాటుతుండగా, ఒకేసారి మూడు చోట్ల...

కుయ్! కుయ్! కుయ్!

ఈసారి శోభనాద్రి అరవలేదు. తన నెత్తి మీది టోపీ మీట తనే నొక్కుకున్నాడు.

పెరటి వైపు వంటింట్లోంచి ఆయన భార్య సీతామహాలక్ష్మి గొంతు వానని చీల్చుకుంటూ వచ్చింది.

"ఏవండీ! మళ్ళీ ఆగిందా? పొద్దున్నుంచీ దొంగ దొంగ అంటున్నారు. ఇంతకీ దొరికాడా లేదా?"

"దొరికాడు సీతా!"

"ఎవరట?"

రుజువయ్యాక అందరి ముందూ గట్టిగా చెప్తానని మాటిచ్చిన మనిషి. స్టూలు మీంచి లేచాడు. వానలో ఒకే గొడుగు కింద ఆగిపోయిన ఇద్దరి వీపుల వంకా చూశాడు. పేట మొత్తానికి వినపడేలా అరిచాడు.

"ఇంకెవరూ! మన అల్లుడు!"